పగులుకు అటూ ఇటూ

కాంక్రీటు పగలగొట్టే ఆ ముఠాలో అతన్ని అందరూ పిడుగు అంటారు. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరి నోటా రాదు. వయసులో ఉన్నప్పుడు, పదిమంది చూసి పెదవి విరిచిన ఒక పాత మేడమెట్లను ఒక్క పూటలో నేలమట్టం చేశాడట. అప్పుడు పెట్టిన పేరది. ఇప్పుడు జుట్టు నెరిసింది, నడుం కాస్త వంగింది, పేరు మాత్రం నిటారుగానే ఉంది. మా బావ బ్రేకరు మిషను అందుకున్నాడంటే ఎదురుగా ఉన్న గోడ తన దారి తాను చూసుకోవాల్సిందేనని బామ్మర్ది అందరికీ చెబుతుంటాడు. బామ్మర్ది అంటే పిడుగు భార్యకు స్వయానా తమ్ముడు. ముఠాలో గడ్డపార పని అతనిది. బావ పగలగొట్టిన ముక్కను లేపి అవతల పడేయడం, మధ్యమధ్యలో బావను ఆటపట్టించడం, రెండు పనులూ ఒకే శ్రద్ధతో చేస్తాడు.

అలాంటి పిడుగుకు ఆ గోదాములో చుక్కెదురైంది.

పని చూస్తే చాలా చిన్నది. పాత గోదాములో గోడ వెంబడి నేల పగలగొట్టి, కొత్త గొట్టాలు వేయడానికి కాలువలా తవ్వాలి. గోడకు అవతల కోల్డ్ స్టోరేజీ గదులున్నాయి. అక్కడి మోటార్లు రాత్రనక పగలనక తిరుగుతూనే ఉంటాయి. పెద్ద యంత్రం తెచ్చి నేలను గుద్దితే ఆ అదురు వాటికి తగులుతుందని వద్దన్నారు. అందుకే చేతి బ్రేకరు, అందుకే పిడుగు.

మొదటి రోజు పొద్దున పిడుగు గోడ పక్కన నిలబడి, బూటు మడమతో నేలను తట్టి చూశాడు. మామూలు నేలలాగే పలికింది. చెవుల్లో దూది పెట్టుకున్నాడు, ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు, మిషను ఉలిని నేల మీద ఆనించి, ఒంటి బరువంతా దాని మీద వేసి మీట నొక్కాడు. గోదామంతా దద్దరిల్లింది. ఉలి దిగింది. దాని చుట్టూ సన్నటి పగులు పాకింది. ఆ పాకిన తీరు చూస్తే ఇంకొక్క దెబ్బకు పలక లేచి రావాలి. ఆ ఇంకొక్క దెబ్బ వేశాడు. పలక లేవలేదు, పక్కన మరో పగులు పాకింది. మళ్ళీ వేశాడు. అదీ అంతే. మధ్యాహ్నానికి అతని ముందున్న నేల నిండా పగుళ్ళే గానీ, ఒక్క ముక్క కూడా విడిగా చేతికి రాలేదు.

బామ్మర్ది గడ్డపారను పగులులోకి దూర్చి, దాని మీదికి ఎక్కినంత పని చేశాడు. పలక అంచు కాస్త లేచింది. గడ్డపార తీయగానే మళ్ళీ తన చోట తాను సర్దుకుని కూర్చుంది.

"బావా, ఇది నేల కాదు. మా అక్క మంకుపట్టు," అన్నాడు బామ్మర్ది చెమట తుడుచుకుంటూ.

"నోరు మూసుకుని లేపరా."

"లేపుతూనే ఉన్నా. లేస్తోంది, అటూ ఇటూ చూస్తోంది, మళ్ళీ పడుకుంటోంది. నేనేం చేసేది?"

పిడుగు నవ్వలేదు. అతని దృష్టి నేల మీద లేదు, తన కుడి చేతి మీద ఉంది. పోయిన చలికాలం నుంచి ఆ చేతి వేళ్ళు అతనివి కాకుండా పోతున్నాయి. పొద్దున లేచేసరికి తెల్లగా పాలిపోయి ఉంటాయి. చొక్కా గుండీ పెట్టుకోవాలంటే అద్దంలో చూసుకుంటూ పెట్టుకోవాలి, గుండీ పట్టులో ఉందో లేదో వేళ్ళు చెప్పవు. టీ గ్లాసు వేడిగా ఉందో చల్లారిందో నోట్లో పోసుకుంటే గానీ తెలియదు. ఏళ్ళ తరబడి మిషను పట్టినవాళ్ళకు వచ్చే జబ్బే అది. అది వచ్చిందని తెలిస్తే మనిషిని మిషను మీద ఉంచరు, ముక్కలు మోసే పనిలో వేస్తారు. అందుకే ఎవరికీ చెప్పలేదు. భార్యకు అసలే చెప్పలేదు. చెబితే ఆ రోజే మాన్పిస్తుంది. మిషను చేతిలో లేకపోతే తను పిడుగు కాదు, హాజరులో పేరున్న ఒక ముసలి మనిషి, అంతే. పలకలు లేవకపోయేసరికి, చేతిలో పట్టు పోయింది, దెబ్బలో జీవం పోయింది, ఇక గుట్టు బయటపడక తప్పదు అనుకున్నాడు.

సాయంత్రం మేస్త్రీ వచ్చాడు. పిడుగు కన్నా బాగా చిన్నవాడు. చెడ్డవాడేం కాదు, పైవాళ్ళ దగ్గర తిన్న చీవాట్లను కిందికి దించడం అతని ఉద్యోగం.

"ఏం పెద్దాయనా, ఇంకా పగుళ్ళ దగ్గరే ఉన్నావా?"

పెద్దాయనా అన్న పిలుపు పిడుగుకు ఒంటికి కారం రాసినట్టుంటుంది. "ఉలి మొద్దుబారింది," అని నీళ్ళు నమిలాడు.

"అయితే కొత్తది వేసుకో. రేపు సాయంత్రం దాకా చూస్తాను. అప్పటికీ కాకపోతే ఎల్లుండి మిషను మీ బామ్మర్దికి ఇస్తాను. వయసులో ఉన్నాడు, ఒంట్లో సత్తువుంది. నువ్వు కాస్త ముక్కలెత్తే వైపు ఉందువు గాని. తప్పుగా అనుకోకు."

"ఎత్తడానికి ముక్కలేవండీ?" అన్నాడు బామ్మర్ది.

మేస్త్రీకి కూడా నవ్వొచ్చింది. పిడుగు మాత్రం వంగి, కొత్త ఉలి కోసం పెట్టె వెతుకుతున్నట్టు చాలాసేపు తల ఎత్తలేదు.

*

మర్నాడు కొత్త ఉలి వేశాడు. పంతం పట్టిన మనిషి దెబ్బలకు నేలంతా అదిరింది. పగుళ్ళు ఇంకా ఎక్కువయ్యాయి, వెడల్పయ్యాయి, ఒకదాన్నొకటి కలుసుకున్నాయి. అయినా పలకలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. రెండు చోట్ల మాత్రం అతికష్టం మీద అరచేతి మందాన పెచ్చులు లేచాయి. మధ్యాహ్నం అందరూ గేటు దగ్గరికి టీకి పోయారు. బామ్మర్ది పిలిస్తే, నువ్వెళ్ళు వస్తానన్నాడు. మిషను ఆపేసరికి చెవులు హోరెత్తాయి. దుమ్ము మెల్లగా కిందికి దిగింది. కిటికీలోంచి వచ్చే ఎండ నేల మీద పడి, పగుళ్ళు నల్లటి గీతల్లా కనిపించాయి.

తిట్టాలనిపించింది. తిట్టడానికి కూడా ఓపిక లేక నేల మీద చతికిలబడ్డాడు. తర్వాత ఏమనుకున్నాడో ఏమో, బోర్లా పడుకుని, ఫోను లైటు వేసి, వేలు పట్టేంత వెడల్పున్న ఒక పగులులోకి కన్ను ఆనించి చూశాడు. ఇన్నేళ్ళుగా పగలగొట్టడమే గానీ పగులులోకి తొంగిచూడటం అతను ఎన్నడూ ఎరగడు. పగిలాక దానితో ఇక పనేముంది?

లోపల తీగలున్నాయి. చిటికెన వేలంత పొడుగున్న సన్నటి ఉక్కు తీగలు. స్లాబుల్లో వేసే ఇనప ఊచలు అతనికి తెలుసు, అవి కనపడితే కట్టరుతో కోసి పారేయడమే. ఇవి ఊచలు కావు. గుండుసూది కన్నా కాస్త లావు, అంతే. వెలుగు ఎంత దూరం పోతే అంత దూరం, పైనుంచి అడుగుదాకా ఉన్నాయి. ఒక్కో తీగ ఒక కొసను పగులుకు ఇటు, ఇంకో కొసను అటు పాతుకుని అడ్డంగా నిలబడి ఉంది. కొన్ని తిన్నగా ఉన్నాయి, కొన్ని వాలుగా ఉన్నాయి. తెగినది ఎంత వెతికినా కనపడలేదు. పగులు మరీ వెడల్పయిన చోట తీగలు కొంత బయటికి జారాయి, అయినా పట్టు వదల్లేదు. రెండు రోజులుగా తను వేసిన ప్రతి దెబ్బా వచ్చి వీటి మీదే పడింది. అవి దాన్ని తలా కొంచెం పంచుకున్నాయి.

గోడలంటే, నేలలంటే అతనికి ఎప్పుడూ జాలి గానీ భయం గానీ లేదు. ఇప్పుడు కలిగింది రెండూ కాదు. ఎవరూ చూడని చోట, చీకట్లో, ఇన్నేళ్ళుగా ఇంత పని చేస్తూ ఇవి ఇక్కడ ఉన్నాయి. తను వాటి మీద నడిచాడు, ఉమ్మేశాడు, తిట్టాడు. నోరు తెరుచుకుని అలా చూస్తూనే ఉండిపోయాడు.

జేబులోంచి కటింగ్ ప్లేయరు తీసి, అంచున బయటికి కనపడుతున్న ఒక తీగను పట్టుకుని లాగాడు. రాలేదు. మోకాలు ఆనించి లాగాడు. కీచుమని కొంచెం వచ్చి ఆగింది. ఇంకా లాగితే ఇంకొంచెం వచ్చి మళ్ళీ ఆగింది. వేళ్ళకు తెలియకపోయినా ఆ పెనుగులాట మోచేతి దాకా తెలుస్తూనే ఉంది. తీగ తెగదు, ఊరికే ఊడిరాదు. నువ్వుగింజంత దూరానికీ పేచీ పెడుతూ, మొండిగా, మెల్లగా వచ్చింది. పూర్తిగా చేతికొచ్చాక చూస్తే ఒంటి నిండా సిమెంటు పొడి అంటుకుని తెల్లగా ఉంది.

"బాబాయ్, ఏమైంది? పడిపోయారా?"

ఉలిక్కిపడి లేచాడు. గొట్టాల పని చూసే ఇంజనీరమ్మ. చిన్న వయసు, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, చంకలో చుట్టిన కాగితాలు.

"లేదమ్మా. చూస్తున్నా," అన్నాడు. అబద్ధం చెప్పడానికి కూడా ఏమీ తోచలేదు. తీగను ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని చూసింది, పగులును చూసింది, కాగితాలు పక్కన పడేసి అతని పక్కనే నేల మీద బోర్లా పడుకుంది. అంత చదువుకున్న పిల్ల తనలాగే నోరు తెరుచుకుని చూడటం పిడుగుకు ఎందుకో ధైర్యాన్నిచ్చింది.

"వీటి గురించి చదివాను బాబాయ్. ల్యాబులో ఇటుకంత దిమ్మల్లో వేసి చూశాను. ఇంత పెద్ద నేలలో, ఇంత సమంగా కలిసింది చూడటం ఇదే మొదలు."

"ఎందుకు తెగట్లేదమ్మా ఇవి?"

"తెగేంత గట్టిగా కాంక్రీటు మాలు వాటిని పట్టుకోలేదు."

"మరయితే ఊడి రావాలిగా?"

"ఊడొచ్చేంత వదులుగానూ పట్టుకోలేదు," అని ఆమె లేచి కూర్చుంది. తీగను ఎడమ పిడికిట్లో పెట్టి కుడిచేత్తో మెల్లగా లాగుతూ చూపించింది. "మాలు పచ్చిగా ఉన్నప్పుడు తీగ చుట్టూ కమ్ముకుంటుంది. గట్టిపడ్డాక దాన్ని అతుక్కుని ఉంటుంది. మీ దెబ్బకు మొదట ఆ అతుకు విడిపోతుంది. ఇక అయిపోయిందనుకుంటాం. అసలు పని అప్పుడే మొదలు. తీగ జారబోతుంటే మాలు ఒరుసుకుంటూ ఆపుతుంది. పైగా ఈ కొస చూడండి, కొక్కెంలా వంచి వేస్తారు. మీరు లాగినప్పుడు ఇది తిన్నగా సాగింది. అలా సాగితే గానీ తన బొరియలోంచి బయటికి రాలేదు. మీ మిషను బలమంతా ఈ సాగడానికీ జారడానికీ ఖర్చయిపోతోంది. పలకను విడదీయడానికి ఏమీ మిగలట్లేదు."

"మరీ గట్టిగా పట్టుకుని ఉంటే?"

"తీగ ఫట్టున తెగేది. నేల ఒక్కసారిగా రెండయ్యేది. మీ పని నిన్న మధ్యాహ్నానికే అయిపోయేది. జారుతూ కూడా పట్టుకుని ఉండటం, అదే దీని గొప్ప."

పిడుగు ఆ మాటను లోపల రెండుసార్లు అనుకున్నాడు. అయితే నా చేతిలో బలం చచ్చి కాదన్నమాట అని నోటిదాకా వచ్చింది. నాలుక కరుచుకున్నాడు.

"రేపు లాగి చూసే పరికరం తెస్తాను. ఎంత బలానికి జారుతోందో కొలవాలి," అంది ఆమె. "అయినా ఇదంతా తీగలు సమంగా పరుచుకుంటేనే బాబాయ్. ఒకచోట ముద్దగా చేరాయంటే వాటి మధ్యకు మాలు దూరదు, పట్టే ఉండదు. ఇది కలిపినవాళ్ళెవరో గానీ, వాళ్ళ చేతులకు దండం పెట్టాలి."

ఆ తీగను తను ఉంచుకోవచ్చా అని అడిగాడు పిడుగు. ఆమె నవ్వి ఇచ్చేసింది. జేబులో వేసుకుని, పడిందో లేదో నమ్మకం లేక, జేబు తెరిచి కళ్ళతో చూసుకున్నాడు.

*

భార్య బట్టలు ఇస్త్రీ చేసే దుకాణంలో పని చేస్తుంది. ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు పోదు, మాట్లాడుతూ మాట్లాడుతూ చేతికి దొరికిన గుడ్డనల్లా మడత పెట్టేస్తుంది. ఆ సాయంత్రం ముందుగదిలో ఆమె తువ్వాళ్ళు మడత పెడుతుంటే, పిడుగు తీగ తీసి బల్ల మీద పెట్టాడు. రెండు రోజులుగా తన ప్రాణం తోడేస్తున్నది ఎంతుందో చూపిద్దామని తప్ప అతనికి వేరే ఉద్దేశమేమీ లేదు.

ఆమె తువ్వాలు వదిలేసి తీగను తీసుకుంది. బొటనవేలి గోటితో దాని కొసను తడిమింది.

"చీమ," అంది.

"ఏంటి?"

"చీమ. ఇవి కుట్టేవని మేం చీమలనేవాళ్ళం. కొక్కెం ఏమైంది? సాగదీశావా? నీకెక్కడిదయ్యా ఇది?"

"గోదాము నేలలో. మేం పగలగొడుతున్నామే, అక్కడ."

"వెనకవైపు ఐసు ఫ్యాక్టరీ ఉంటుందా?"

"ఇప్పుడక్కడ కోల్డ్ స్టోరేజీ ఉంది."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె మొహంలోకి ఏదో పాత వెలుగు రావడం పిడుగు చూశాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె ఏదో గోదాము కట్టే చోట పనికి పోయేదని అతనికి గుర్తుంది. ఎక్కడని గానీ ఏం పనని గానీ అతను అడిగిన పాపాన పోలేదు.

"పెట్టె తెరిస్తే ఒకదాన్నొకటి కరుచుకుని ఉండేవి," అంది ఆమె. "వాటిని అలాగే మిక్సర్లో పోస్తే ముద్దకట్టేవి. దాన్ని మేం పుట్ట అనేవాళ్ళం. పెద్ద జల్లెడ ఉండేది. మిక్సరు మూతి దగ్గర ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఊపుతుంటే చీమలు ఒక్కొక్కటే రాలేవి. తొందరగా ఊపితే గుంపుగా పడేవి. మెల్లగా ఊపితే మిక్సరువాడు తిట్టేవాడు. ఎక్కడైనా పుట్ట కనపడితే, పుట్ట అని కేకేసి మిక్సరు ఆపించేదాన్ని. చెయ్యి పెట్టి దాన్ని బయటికి తీసి, విడదీసి మళ్ళీ జల్లించేవాళ్ళం. నా కేక వింటే చాలు, వాళ్ళకు ఒళ్ళు మండేది."

"చేతులతోనా?"

"మరి కాళ్ళతో తీస్తారా?"

అతనికి ఒక సాయంత్రం గుర్తొచ్చింది. కొత్త కాపురం. ఆమె వాచిన వేళ్ళను ఉప్పునీళ్ళ గిన్నెలో ముంచుకుని కూర్చుంది. తను అప్పుడే పనినుంచి వచ్చాడు, వంట కాలేదు. కూరలో ఉప్పు చల్లినట్టు చల్లే పనికి ఇంత మూలుగు దేనికి అన్నాడు. ఆ రోజు తను ఏం పగలగొట్టి వచ్చాడో గుర్తులేదు, ఆ మాట మాత్రం ఇప్పుడు అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది.

"నేను అప్పుడేదో అన్నాను కదా," అన్నాడు.

"అన్నావు." ఆమె తువ్వాలు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "అప్పుడు నువ్వు పిడుగువి. నీ చప్పుడు తప్ప నీకేం వినపడేది కాదు. నువ్వొక్కడివేనా ఏంటి, నేలంతా వేయడం అయ్యాక వాళ్ళు ఫొటో తీసుకున్నారు. మేస్త్రీలు, మిక్సరువాళ్ళు, చదును చేసినవాళ్ళు, అందరూ నిలబడ్డారు. మమ్మల్ని జల్లెడలు కడిగి తెమ్మన్నారు. కడిగి తెచ్చేసరికి ఫొటో అయిపోయింది."

ఆమె ఆ మాట కోపంగా అనలేదు. అందుకే అతనికి ఇంకా సిగ్గేసింది. సిగ్గు వెనకే, మధ్యాహ్నం పగులులో చూసినదంతా కళ్ళముందుకొచ్చింది. ఆ తీగలు వాటంతటవే అలా సర్దుకోలేదు. ఒక్కొక్కటీ ఈమె చేతి జల్లెడలోంచి రాలింది. పక్కనే పడుకునే మనిషి చేసిన పనిని, ఇన్నేళ్ళ తర్వాత, బోర్లా పడుకుని కన్ను ఆనించి చూస్తే గానీ తను చూడలేకపోయాడు.

పక్క వాటాలో ఉండే బామ్మర్ది అగ్గిపెట్టె కోసం వచ్చి, సంగతి విని, గుమ్మంలోనే కూలబడి నవ్వాడు.

"నిన్ననే చెప్పానా బావా, అది మా అక్క మంకుపట్టని. నువ్వు వినలేదు."

"నువ్వు ఊరుకోరా," అంది ఆమె. తర్వాత మొగుడి వైపు తిరిగి, "రేపు నేనూ వస్తాను. దుకాణంలో మధ్యాహ్నం వస్తానని చెబుతాను. ఒక్కసారి చూడాలనుంది," అంది.

*

పొద్దున ముగ్గురూ కలిసే వెళ్ళారు. మేస్త్రీ మాట మీద నిలబడే మనిషి కాబట్టి మిషను బామ్మర్దికి ఇచ్చాడు. బామ్మర్ది బావ వైపు ఒకసారి చూసి, చేసేదిలేక మీట నొక్కాడు. వయసులో ఉన్నవాడి సత్తువంతా ఉలిలోకి దిగింది. పగుళ్ళ పక్కన కొత్త పగుళ్ళు పుట్టాయి. పలకలు అదిరి, కొంచెం కుంగి, మళ్ళీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండిపోయాయి. కాసేపటికి బామ్మర్ది మిషను ఆపి, ఆయాసపడుతూ నిలబడ్డాడు.

"నాకూ చుక్కలు కనపడుతున్నాయండీ," అన్నాడు మేస్త్రీతో.

పిడుగు భార్య ఇదేమీ పట్టించుకోలేదు. చీరకుచ్చిళ్ళు ఎగదోపి, పెచ్చు లేచిన అంచు దగ్గర గొంతుక్కూర్చుంది. విరిగిన ముఖం మీద తీగల కొసలు మెరుస్తున్నాయి. ఆమె వాటిని లెక్కపెట్టలేదు, చేత్తో తాకను కూడా లేదు. ఒక చివరనుంచి ఇంకో చివరకు కూర్చునే జరుగుతూ, పిండిలో ఉండలు వెతికే మనిషిలా చూసుకుంటూ పోయింది. పిడుగు ఆమె వెనకే నడిచాడు.

"ఏం వెతుకుతున్నావు?"

"పుట్ట."

"ఉందా?"

"లేదు," అంది. "ఎక్కడా లేదయ్యా."

అప్పటికి ఇంజనీరమ్మ పరికరం బిగించింది. మూడు కాళ్ళ చిన్న పీట, దానికి తీగను బిగించే పట్టకారు, తిప్పడానికి చక్రం, పైన గడియారంలాంటి పలక మీద ఒక ముల్లు. అందరూ చుట్టూ మూగారు. ఆమె చక్రం తిప్పడం మొదలుపెట్టింది. ముల్లు పైకి పాకింది, ఇంకా పాకింది. టిక్కుమని చిన్న చప్పుడై, ముల్లు ఒక్కసారిగా కిందికి పడింది.

"అతుకు విడిపోయింది," అంది ఇంజనీరమ్మ.

మేస్త్రీ ఇంకేముందని లేవబోయాడు. ముల్లు సున్నా దాకా పోలేదు. సగం దారిలో ఆగింది. ఆమె చక్రం తిప్పుతుంటే మళ్ళీ మెల్లగా పైకి లేచింది. మొదట ఎక్కినదానికన్నా పైకి ఎక్కింది. లోపల ఎక్కడో కొక్కెం సాగుతోందని, సాగనని మొరాయిస్తోందని అక్కడున్న అందరికీ ఆ ముల్లును చూస్తే అర్థమైంది. గోడ అవతల మోటార్ల హోరు తప్ప ఏమీ వినపడలేదు. పిడుగు ఇంకా ముందుకు వంగాడు. అంత చిన్న తీగ. గాలి వీస్తే కొట్టుకుపోయేలా ఉన్న తీగ. అది ఓడిపోతూ కూడా ఎంత పట్టుకుంటోందో కళ్ళారా చూస్తుంటే అతని కళ్ళు చెమర్చాయి, దుమ్ము పడిందని తుడుచుకున్నాడు.

"ఇది కలిపినవాళ్ళు ఎక్కడున్నారో కనుక్కుంటే బాగుండు," అంది ఇంజనీరమ్మ ముల్లు మీదినుంచి చూపు తిప్పకుండా.

భార్య చెంగుతో చేతులు తుడుచుకుంది, అంతే.

"ఇదిగో, ఇక్కడే ఉంది," అన్నాడు పిడుగు. "ఈ నేలలో తీగలు జల్లించింది మా ఆవిడ."

ఇంజనీరమ్మ చక్రం వదిలేసి తిరిగి చూసింది. ఆమె ఏమీ అడగకముందే బామ్మర్ది జల్లెడ సంగతి, పుట్టల సంగతి అంతా తనే పక్కనుండి చూసినట్టు చెప్పేశాడు. ఇంజనీరమ్మ పిడుగు భార్య రెండు చేతులూ పట్టుకుని, "మీ చేతుల గురించే పిన్నీ నిన్న బాబాయితో చెప్పాను," అంది. ఆమె మొహం ఎర్రబడింది. తమ్ముణ్ణి కళ్ళతోనే తిట్టింది.

మేస్త్రీ పిడుగు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"నిన్ను అనవసరంగా అన్నాను. ఇది మనిషి వల్ల అయ్యేది కాదు. రేపు రంపం మిషను తెప్పించి కోయిస్తాను. నువ్వేం మనసులో పెట్టుకోకు. సోమవారం నుంచి అవతల పాత ప్రహరీ ఉంది, మామూలు కాంక్రీటు. మిషను నీదే. అక్కడ నువ్వు మళ్ళీ పిడుగువే."

పిడుగు తలూపాడు. రెండు రోజులుగా అతను కోరుకున్నది ఇదే. పేరు దక్కింది, మిషను దక్కింది, గుట్టు గుట్టుగానే ఉంది. సంతోషం పొంగుకొస్తుందనుకున్నాడు. రాలేదు. భార్య మళ్ళీ వెళ్ళి అంచు దగ్గర కూర్చుని తన నేలను చూసుకుంటోంది.

అంతలో ఇంజనీరమ్మ చక్రాన్ని గబగబా చివరిదాకా తిప్పింది. తీగ పూర్తిగా బయటికొచ్చింది. ఆమె దాన్ని తీసి, చిన్నపిల్లలా సంబరంగా పిడుగు కుడి అరచేతిలో పెట్టింది.

"రాపిడికి ఎలా వేడెక్కిందో చూడండి బాబాయ్. వెచ్చగా లేదూ?"

అవునమ్మా అంటే సరిపోయేది. ఇన్ని నెలలుగా ఇలాంటివి ఎన్ని చెప్పలేదు? అతను అరచేతిలో ఉన్న తీగను చూశాడు. ఉందని కళ్ళు చెబుతున్నాయి, చెయ్యి ఏమీ చెప్పడం లేదు. మేస్త్రీ చూస్తున్నాడు, బామ్మర్ది చూస్తున్నాడు.

"నాకు తెలియట్లేదమ్మా," అన్నాడు. "ఈ చేతికి స్పర్శ పోయింది. పోయిన చలికాలం నుంచీ ఇంతే."

బామ్మర్ది మొహంలో నవ్వు మాయమైంది. పిడుగు మేస్త్రీ వైపు తిరిగి, "సోమవారం మిషను వీడికే ఇవ్వండి. ఎక్కడ కొట్టాలో నేను పక్కనుండి చూపిస్తాను. నేర్చుకుంటాడు," అన్నాడు. చెప్పాక, ఇన్నాళ్ళూ దీనికా భయపడింది అని అతనికే ఆశ్చర్యమేసింది.

భార్య లేచి వచ్చింది. అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుని, తెల్లబడిన వేళ్ళను ఒక్కొక్కటే తిప్పి చూసింది. తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు. అతని అరచేతిలోని తీగను తీసుకుని, అందరూ చూస్తుండగా, దాన్ని మెల్లగా అతని చెంపకు ఆనించింది.

"ఇప్పుడు చెప్పు," అంది.

"వెచ్చగానే ఉంది," అన్నాడు పిడుగు.